తాళం పట్టిన వకీలు

చిన్నప్పుడు మా ఇంటి తాళంచెవి పోతే, వీధి చివర తాళాలు బాగుచేసే తాత సైకిల్ పుల్ల వంచి చిటికెలో తీసేశాడు. అందరూ మెచ్చుకున్నారు. అమ్మకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భద్రత మీద రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఆ పుల్ల గుర్తొస్తుంది, వెంటనే ఆర్దెషిర్ గోద్రెజ్ గుర్తొస్తారు.

1868లో పార్సీ కుటుంబంలో పుట్టిన ఆయన చదివింది న్యాయశాస్త్రం. జాంజిబార్‌లో ఒక కేసులో కక్షిదారు కోసం నిజాన్ని వంచలేక వృత్తే వదిలేశారు. తర్వాత శస్త్రచికిత్స పరికరాలు చేశారు. వాటిపై భారత్ పేరు ముద్రించడానికి కొనేవారు ఒప్పుకోలేదు, ఆయనా తగ్గలేదు. వ్యాపారం మునిగింది. (మన రక్షణ కొనుగోళ్లు చూసేవారికి ఈ జబ్బు కొత్తేమీ కాదు.)

బొంబాయిలో దొంగతనాల వార్తలు చదివి 1897లో తాళాల పని మొదలుపెట్టారు. తాళంలోని మీటలను పట్టి ఉంచే స్ప్రింగు అరిగినా విరిగినా తాళం పనికిరాదు. అందుకని స్ప్రింగే లేని తాళం చేసి పేటెంట్ పొందారు. ఆపైన ఇనప్పెట్టెలు. తిలక్ స్వరాజ్య నిధికి 3 లక్షల రూపాయలిచ్చిన మనిషే అయినా, స్వదేశీ పేరిట నాసిరకం సరుకు అంటగట్టడం ఆయనకు గిట్టేది కాదు.

1936లో కన్నుమూశారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు నౌక పేలినప్పుడు, మంటల్లో చిక్కిన ఆయన కంపెనీ పెట్టెల్లో కాగితాలు చెక్కుచెదరలేదు. తొలి సార్వత్రిక ఎన్నికలకు లక్షల బ్యాలెట్ పెట్టెలు చేసిందీ ఆ కంపెనీయే. బయట తాళం వేస్తే ధర దాటుతుందని, లోపలే బిగుసుకునేలా అమర్చారు.