సాయంత్రానికల్లా ఫొటో చేతిలో పెట్టిన మనిషి: జూలియా మార్గరెట్ కామెరాన్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు చాలామంది రాస్తారు, నేను నా వృత్తిలో పెద్దావిడ ఒకరి జీవితం రాస్తానన్నాను. నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ని. మన బడి గ్రూపు ఫొటోలు చాలా ఏళ్లు నేనే తీశాను. మీలో ఎంతోమంది ఇళ్లలో గోడకు వేలాడేవి నా డార్క్‌రూమ్‌లో కడిగినవే. ఈ జీవితాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర చెబుతాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన డ్రాయింగు మాస్టారు ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, అందులో ఒక ఫొటో చూపించారు. తల మీదుగా ముసుగు కప్పుకుని, కళ్లు కిందికి దించుకున్న యువతి. చర్చిలో కనబడే మేరీమాతలా ఉంది. ఎవరో రాణి అయివుంటుందని మేం అనుకున్నాం. కాదు, ఫొటో తీసినావిడ ఇంట్లో పనిచేసే అమ్మాయి అని మాస్టారు చెప్పారు. ఆ ఫొటో తీసినావిడే జూలియా మార్గరెట్ కామెరాన్. నన్ను ఈ వృత్తిలోకి లాగింది ఆ ఒక్క బొమ్మే.

ఆవిడ పుట్టింది మన దేశంలోనే. 1815 జూన్ 11న కలకత్తాలో. తండ్రి జేమ్స్ పాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, తల్లి ఫ్రెంచి వంశస్థురాలు. ఆడపిల్లలు చాలామంది ఉన్న ఇల్లది. అక్కచెల్లెళ్లు అందగత్తెలని పేరు. జూలియాకు మాత్రం ఆ పేరు లేదు. మాటకారి, మొండి మనిషి, చేతికి ఎముక లేని దాత అని పేరు వచ్చింది. చిన్నప్పుడు ఎక్కువ కాలం ఫ్రాన్సులో అమ్మమ్మ దగ్గర పెరిగింది.

1836లో ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లినప్పుడు అక్కడ ఇద్దరు పరిచయమయ్యారు. ఒకరు చార్లెస్ హే కామెరాన్. ఆవిడకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మెకాలేతో పాటు లా కమిషన్‌లో ఉండి భారత శిక్షాస్మృతి ముసాయిదాకు పనిచేసిన న్యాయశాస్త్రవేత్త. 1838లో కలకత్తాలో ఆయనతో పెళ్లయింది. రెండోవారు ఖగోళ శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్. మా తరం స్టూడియోవాళ్లం బొమ్మ చెదిరిపోకుండా నిలబెట్టడానికి వాడిన హైపో ఉంది చూశారూ, అది వెండి లవణాలను కరిగిస్తుందని కనిపెట్టింది ఆయనే. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో ఆయన కలకత్తాలో ఉన్న జూలియాకు ఉత్తరాలతో పాటు నమూనాలు కూడా పంపేవారు. అవి ఆవిడ మనసులో ఇరవై ఏళ్లకు పైగా నిద్రపోయాయి.

1848లో భర్త పదవీ విరమణ చేశాక కుటుంబం ఇంగ్లండు చేరింది. 1860లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్ అనే పల్లెలో పక్కపక్కనున్న రెండిళ్లు కొని, మధ్యలో ఒక బురుజు కట్టి, రెంటినీ ఒకటి చేసుకున్నారు. సిలోనులోని తమ కాఫీ తోట పేరు మీద దానికి డింబోలా అని పేరు పెట్టారు. దగ్గర్లోనే కవి టెన్నిసన్ ఇల్లు. 1863 చివర భర్త సిలోను వెళ్లాడు, పిల్లలు దూరంగా ఉన్నారు. అమ్మకు పొద్దుపోవడానికి ఉంటుందని కూతురూ అల్లుడూ ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆవిడ వయసు 48. మా ఊళ్లో ఆ వయసుకు మనవల్ని ఆడించుకుంటూ కూర్చుంటారు. ఆవిడ అక్కడ మొదలుపెట్టింది.

అప్పటి పని ఎలాంటిదో ఇప్పటి పిల్లలకు కాస్త చెప్పాలి. ఫిల్ము లేదు. పెద్ద గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణాన్ని సమంగా పోసి, చీకట్లో వెండి నైట్రేటులో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. వేళ్లకు నల్లమచ్చలు పడి ఎన్ని రోజులకూ పోవు. ఫొటోను పెద్దది చేసి ముద్రించడం అప్పట్లో మామూలు కాదు గనుక ఎంత ఫొటో కావాలో అంత గాజు పలక వాడేవాళ్లు. ఆవిడ మొదట 11 అంగుళాలకు 9, తరవాత 15కు 12 అంగుళాల పలకలు వాడింది. గుడ్డు తెల్లసొన, వెండి లవణం పూసిన కాగితాన్ని పలకకు ఆనించి ఎండలో పెడితే ప్రింటు వస్తుంది. దానికి బంగారు లవణంతో రంగు తేల్చి, హైపోలో ముంచి, బాగా కడగాలి. బొగ్గుల కొట్టు ఆవిడకు డార్క్‌రూమ్ అయింది. అద్దాలు బిగించిన కోళ్ల గూడు స్టూడియో అయింది. కోళ్లు పోయి కవులు, రైతులు, పనమ్మాయిలు, పసిపిల్లలు వచ్చి చేరారు. తడి పలకతో భోజనాల గదిలోకి పరుగెత్తి, భర్తకు చూపించబోయి బల్ల మీది గుడ్డలన్నీ పాడుచేసేది. ఆయన విసుక్కోకుండా ప్రతి ఫొటో సంతోషంగా చూసేవాడు.

మొదట్లో ఒక ఫ్రెష్‌వాటర్ రైతును గంటకు అరక్రౌను ఇచ్చి కూర్చోబెట్టింది. ఎన్నోసార్లు ప్రయత్నించాక బొమ్మ కుదిరింది. ఆ సంబరంలో పలక తడి వైపు చెయ్యి రాసి చెరిపేసుకుంది. 1864 జనవరిలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెడితే మధ్యలో ఒకరు కిసుక్కున నవ్వారు, అదీ పోయింది. అప్పుడు ఏనీ ఫిల్‌పాట్ అనే చిన్నపిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, నువ్వు కదిలితే నా మందులూ నా కష్టమూ వృథా అవుతాయమ్మా అని బతిమాలింది. పిల్ల కదల్లేదు. బొమ్మ వచ్చింది. ఆనందం పట్టలేక ఆ పిల్లకు ఏదైనా కానుక ఇవ్వాలని ఇల్లంతా వెతికింది, ఫొటో తీసింది తను కాదు ఆ పిల్లే అన్నట్టు. అంతటితో ఆగలేదు. ఆ రోజే ప్రింటు వేసి, రంగు తేల్చి, కడిగి, ఫ్రేము కట్టి, రాత్రి ఎనిమిది లోపల ఆ పిల్ల తండ్రికి అందించింది.

నా వృత్తిలో ఇంతకంటే గొప్ప కథ నేను వినలేదు. మొదటిసారి పని కుదిరిన మనిషి ఆ ఒక్క ప్రింటును గుండెలకు హత్తుకుని దాచుకుంటాడు. ఆవిడ అదే పూట ఇచ్చేసింది.

ఆ తరవాత పదకొండేళ్లూ అదే తీరు. హెర్షెల్‌కు, చిత్రకారుడు వాట్స్‌కు, అప్పచెల్లెళ్లకు ఆల్బములకు ఆల్బములు కానుకగా పంపింది. కెమెరా ఇచ్చిన కూతురికి కూడా ఒక ఆల్బము వెళ్లింది. 1871 నవంబరులో నాలుగేళ్ల తరవాత సిలోను నుంచి వచ్చిన కొడుకును బ్రోకెన్‌హర్స్ట్ అనే రైల్వే స్టేషనులో కలుసుకుంది. ఆ సంతోషానికి గుర్తుగా ఆ స్టేషను వెయిటింగు రూముకు తను తీసిన మహామహుల ఫొటోలు ఫ్రేములు కట్టించి ఇచ్చింది. రైలు కోసం కూర్చున్న ఎవరైనా చూడొచ్చు. మనవాళ్లు స్టేషనులో చలివేంద్రం పెట్టిస్తారు చూడండి, ఇదీ అలాంటిదే.

పెద్దవాళ్ల ఫొటోలు చాలా తీసింది. టెన్నిసన్, కార్లైల్, 1868 వేసవిలో ఆ పల్లెకు వచ్చి కామెరాన్ల ఇంట్లో అద్దెకు దిగిన డార్విన్. ఎలిస్ అద్భుతలోకం కథ ఏ పాప కోసం పుట్టిందో ఆ ఎలిస్ లిడెల్ పెద్దయ్యాక ఆవిడ కెమెరా ముందు నిలబడింది. 1867లో ముసలితనంలో ఉన్న హెర్షెల్ కోసం సామానంతా మోయించుకుని కెంట్‌లోని ఆయన ఇంటికే వెళ్లింది. తడి పలకల రోజుల్లో అలా వెళ్లడమంటే డార్క్‌రూమ్‌ను మూటగట్టుకుని వెళ్లడమే. తెల్లజుట్టు చెదిరి, నల్లటి నేపథ్యంలోంచి వెలుగులా బయటికొచ్చే హెర్షెల్ ముఖం ఈనాటికీ పాఠమే.

కానీ నాకు ముఖ్యమైనవాళ్లు వేరే. మాస్టారు చూపించిన ఫొటోలోని అమ్మాయి పేరు మేరీ హిలియర్. ఆ దీవి పిల్లే. డింబోలాలో పనికి చేరి, పొద్దున ఇల్లు సర్ది, మధ్యాహ్నం మేరీమాతగా కూర్చునేది. ఊళ్లోవాళ్లకు ఆమె పేరే మడోనా అయిపోయింది. తరవాత ఒక తోటమాలిని పెళ్లాడి, 1936 దాకా బతికింది.

ఇంకొక మేరీ కథ సినిమాకు తక్కువ కాదు. మేరీ ర్యాన్ తల్లి ఐర్లండు నుంచి వచ్చి లండను దగ్గర అడుక్కుంటూ ఉండగా జూలియా చూసి, తల్లికి పని ఇచ్చి, పిల్లను తన పిల్లలతో చదివించింది. పెద్దయ్యాక ఆ పిల్ల ఇంటి పని చేస్తూ మోడల్‌గా కూర్చునేది. లండనులో జరిగిన ప్రదర్శనలో హెన్రీ కాటన్ అనే యువకుడు ఆమె ఉన్న ఫొటోలు కొన్నాడు. అక్కడే ఉన్న ఆమెను మరిచిపోలేక తిరిగొచ్చి 1867లో పెళ్లి చేసుకున్నాడు. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర కాదు, ఈయన వేరు. సివిల్ సర్వీసులో మన దేశానికొచ్చి, అస్సాం చీఫ్ కమిషనరై, తేయాకు తోటల కూలీల పక్షాన మాట్లాడి, 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినవాడు. ఆ దంపతుల్ని కలిపింది ఒక ప్రింటే.

ఇంత చేసినా ఆవిడకు మెప్పు సులువుగా రాలేదు. బొమ్మ స్పష్టంగా లేదనీ, పలక మీద గీతలూ వేలిముద్రలూ ఉన్నాయనీ ఫొటోగ్రఫీ పత్రికలు వెక్కిరించాయి. లెన్సు తిప్పుతూ తన కంటికి అందంగా తోచిన చోట ఆపేసేది తప్ప, అందరిలా గీత గీసినట్టు కనబడేదాకా తిప్పేది కాదు. మోడల్ నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి గనుక ఊపిరికి కదిలిన జాడ కూడా బొమ్మలో ఉండిపోయేది. ఆ మసకలోనే మనిషి ఉన్నాడని లోకం తరవాత ఒప్పుకుంది. లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం మాత్రం 1865లోనే ఆవిడ ఫొటోలు కొని, 1868లో రెండు గదులు స్టూడియోకు ఇచ్చింది. అమ్మకాలకు ప్రయత్నించింది, హక్కులు రిజిస్టరు చేయించింది, అయినా మందుల ఖర్చుకూ దానాలకూ చాలలేదు. సిలోనులో కాఫీ మొక్కలకు తెగులు పట్టి ఆదాయం పడిపోయింది.

1875లో, భర్తకు ఎనభై ఏళ్లప్పుడు, కొడుకులున్న సిలోనుకు ప్రయాణం కట్టారు. వెంట ఒక ఆవునూ, అవసరపడతాయని రెండు శవపేటికలనూ తీసుకెళ్లారని చెబుతారు. రేవులో సామాను మోసిన కూలీలకు ఇవ్వడానికి డబ్బు మిగల్లేదు. పెద్ద పెద్ద ఫొటో ప్రింటులు తీసి వాళ్ల చేతుల్లో పెట్టిందట. నవ్వుకోవచ్చు. కానీ తన దగ్గరున్న వాటిలో విలువైనవేమిటో ఆవిడకు తెలుసు.

సిలోనులో ఎండ, మందుల కొరత మధ్య తీసినవాటిలో ఇవాళ మిగిలినవి సుమారు ముప్పై. తోట కూలీలు, కలుతర పల్లెజనం. ఆ ముఖాల్లోని నిబ్బరం చూసి తీరాలి. అయితే ఒక లోటు ఉంది. ఫ్రెష్‌వాటర్ పనమ్మాయిల పేర్లు మనకు తెలుసు. ఈ కూలీల ఫొటోల కింద మాత్రం కలుతర రైతుల బృందం లాంటి మాటలే గానీ మనిషి పేరు లేదు. అంత పెద్ద మనసున్న ఆవిడకూ అక్కడ చూపు ఆనలేదు. 1879 జనవరి 26న ఆ కొండల్లోనే కన్నుమూసింది. మరుసటేడు భర్త కూడా వెళ్లిపోయాడు. బోగవంతలావ చర్చి ఆవరణలో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

ఇక నేను చెబుతానన్న కారణం. సొంత కెమెరా కొన్న కొత్తలో మన బడికొచ్చి, గంట కొట్టే ఆయమ్మను మోడల్‌గా నిలబెట్టాను. మేరీ హిలియర్ నా బుర్రలో ఉంది. తల మీద కొంగు కప్పుకోమన్నాను, అటు తిరగమన్నాను, ఇటు తిరగమన్నాను. పొద్దుటెండలో అరగంట నిలబెట్టాను. ఆ ఫొటోకు జిల్లా పోటీలో బహుమతి వచ్చింది. నా స్టూడియో అద్దాల బీరువాలో ఏళ్ల తరబడి ఉంది. బాబూ, నాకో కాపీ ఇవ్వవా అని ఆయమ్మ రెండుసార్లు అడిగింది. కడిగి ఇస్తానమ్మా అన్నాను. పెళ్లిళ్ల సీజను, పనుల హడావుడి. మూడోసారి అడగలేదు.

చాలా ఏళ్లకు ఆమె కూతురు స్టూడియోకొచ్చింది. అమ్మ పోయిందండీ, దండ వెయ్యడానికి ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు, మీ అద్దాలలో ఉన్నది ఇస్తారా అంది. ఆ రాత్రే ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు. తీసుకోకపోతే సరిపోయేది కాదది. రసీదు పుస్తకంలో ఆ అమ్మాయి తల్లి పేరు రాస్తే, ఆయమ్మకు ఒక పేరుందని అప్పుడు తెలిసింది నాకు. ఈ సంచికలో ఆ ఫొటో వేస్తున్నారు. కింద ఆమె పూర్తి పేరు ఉంది. బహుమతి సంగతి వెయ్యొద్దని నేనే అడిగాను.

మిత్రులకూ గురువులకూ ఒక మనవి. మన బడి పాత నెగెటివులు నా దగ్గర ఇంకా రెండు ట్రంకుపెట్టెలున్నాయి. ఉత్సవం రోజున గేటు పక్కన చింతచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను. మీ క్లాసు ఏ సంవత్సరమో చెప్పండి, వెతికి ప్రింటు వేయించి ఇస్తాను. మీ దగ్గరున్న గ్రూపు ఫొటోలు కూడా తీసుకురండి. వెనకవైపు పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిలుతో పేర్లు రాద్దాం. ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పేర్లు ఎలాగూ అందరికీ తెలుసు. చివర నిలబడ్డవాళ్ల దగ్గర మొదలుపెడదాం.