కాలిన్ మెకంజీ

కాలిన్ మెకంజీ (1754 - మే 8, 1821) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్. దక్షిణ భారతదేశంలో శాసనాలు, వ్రాతప్రతులు, స్థానిక చరిత్రలు, పురాతన నాణేలు సేకరించిన వారిలో అగ్రగణ్యుడు. తెలుగు నాట గ్రామచరిత్రలైన కైఫీయతుల ద్వారా ఈయన పేరు సుప్రసిద్ధం. ఆయన సేకరించిన నాణేల సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

తొలి జీవితం

మెకంజీ స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలో స్టోర్నోవే అనే పట్టణంలో జన్మించాడు. యౌవనంలో అక్కడే సుంకాల శాఖలో పనిచేశాడు. 1783లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. కొంతకాలానికి ఇంజనీర్ల దళానికి మారాడు. 1792 తరువాత నిజాం రాజ్యంలో సర్వే పనులు చేశాడు. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో పాల్గొన్నాడు. టిప్పు సుల్తాను పతనానంతరం మైసూరు సర్వేకు నాయకత్వం వహించాడు.

కావలి సోదరులు

మెకంజీకి దేశభాషలు రావు. ఆ లోటును తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వీరిలో కావలి వెంకట బొర్రయ్య 1796లో ఆయనకు పరిచయమయ్యాడు. బొర్రయ్య ఊరూరా తిరిగి శాసనాలను చదివి, గ్రామ కరణాలతో, పండితులతో మాట్లాడి సమాచారం సేకరించే పద్ధతిని రూపొందించాడు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే మరణించాడు. ఆ తరువాత ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను స్వీకరించి మెకంజీ మరణం వరకు కొనసాగించాడు. మరొక సోదరుడు రామస్వామి కూడా ఈ కృషిలో పాలుపంచుకున్నాడు. ఈ పనికి అయిన ఖర్చులో చాలా భాగాన్ని మెకంజీ తన స్వంత ఆదాయం నుండే భరించాడు.

దత్తమండలాలు, ఆదోని

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన ప్రాంతాలకు దత్తమండలాలు అని పేరు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం ఇందులోనిదే. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయిన మెకంజీ పర్యవేక్షణలో ఈ మండలాల సర్వే జరిగింది. సర్వేతో పాటు కైఫీయతుల సేకరణ కూడా సాగింది.

ఆదోని చరిత్రలో నాణేలకు ప్రత్యేక స్థానం ఉంది. విజయనగర రాజుల తరువాత ఈ దుర్గం బిజాపూరు సుల్తానుల వశమైంది. 17వ శతాబ్దం చివర ఔరంగజేబు సైన్యం దీనిని జయించగా ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఇక్కడి టంకశాలలో మొగలు చక్రవర్తుల నాణేలు ముద్రింపబడ్డాయి. అటువంటి వెండి రూపాయి మీద పారసీ లిపిలో చక్రవర్తి పేరు, పాలనా సంవత్సరం, టంకశాల పేరు ఉంటాయి. ఏ సంవత్సరంలో ఏ ఊరు ఎవరి అధీనంలో ఉన్నదో చెప్పడానికి ఇంతకంటే సూటియైన సాక్ష్యం అరుదు. తరువాతి కాలంలో ఆదోని నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్నది. 1786లో టిప్పు సుల్తాను దీనిని పట్టుకున్నాడు.

నాణేల సేకరణ

పాత నాణెం చెలామణిలో ఉన్నంత కాలం దానిని ఎవరూ దాచరు. చెలామణి పోయిన తరువాత కరిగించి వేస్తారు. మెకంజీ జీవితకాలంలోనే ఈ మార్పు దక్షిణదేశంలో సంభవించింది. తరతరాలుగా వరహాలు, రూకలు, కాసులతో లెక్కలు సాగిన మద్రాసు రాజధానిలో 1818 నుండి వెండి రూపాయి ప్రామాణిక నాణెమైంది. 100 వరహాలకు 350 రూపాయలుగా మారకం నిర్ణయించారు. పాత నాణేలు క్రమంగా కనుమరుగయ్యే ఆ కాలంలో మెకంజీ, ఆయన సహాయకులు వాటిని సేకరించి ఉంచడం విశేషం. ఆయన సంకలనంలో 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి.

మరణం, సంకలనం గతి

మెకంజీ 1815లో భారత సర్వేయర్ జనరల్‌గా నియమితుడై, తరువాత కలకత్తాకు మారాడు. తన సేకరణకు తానే పట్టిక తయారు చేయాలని భావించాడు గానీ అది నెరవేరకుండానే 1821లో మరణించాడు. కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ఆయన భార్య వద్ద నుండి కంపెనీ ప్రభుత్వం ఈ సంకలనాన్ని లక్ష రూపాయలకు కొన్నది. హోరేస్ హేమన్ విల్సన్ తయారు చేసిన పట్టిక 1828లో వెలువడింది. అందులో నాణేలతో పాటు 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనాలు, 2,630 చిత్రాలు నమోదయ్యాయి.

ఆ తరువాత సంకలనం చెల్లాచెదురైంది. కొంత భాగం లండనుకు, కొంత మద్రాసుకు చేరింది. మెకంజీ ప్రారంభించిన పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830వ దశకంలో ముందుకు వచ్చినా, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ అందుకు అంగీకరించలేదు. పాతిక సంవత్సరాలకు పైగా ఈ సేకరణతో మెలగిన వ్యక్తి అనుభవం ఆ విధంగా వినియోగంలోకి రాకుండా పోయింది. లండనులో ఉన్న వ్రాతప్రతులను గుర్తించి మద్రాసుకు తిరిగి రప్పించడంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కృషి చేశాడు.

ప్రాముఖ్యత

శాసనం ఉన్నచోటనే ఉంటుంది, నాణెం చేతులు మారుతుంది. అది దొరికిన ఊరు, అక్కడి కథనం కలిసి ఉన్నప్పుడే దాని విలువ పూర్తిగా తెలుస్తుంది. శాసనాలను, కైఫీయతులను, నాణేలను ఒకే అన్వేషణలో భాగంగా సేకరించడం మెకంజీ బృందం ప్రత్యేకత. రాయలసీమ గ్రామాల చరిత్ర వ్రాసేవారికి ఈ సంకలనం నేటికీ ముఖ్యమైన ఆధారం.