డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్ గారు



కామారెడ్డిలో నిజామాబాదు బండి ఎక్కువారికి త్రోవలో డిచ్‌పల్లి స్టేషను తగులును. ఎల్లారెడ్డి వైపు మనవారికిని ఆ పేరు కొత్త కాదు. ఆ ఊరి పేరు కుష్ఠురోగులకు ఆశగా మారుటకు కారకురాలైన డాక్టరు ఇసబెల్ కెర్ గారి జీవితమును ఈ నెల ధ్యానింతము.

ఆమె 1875వ సంవత్సరమున స్కాట్లండులో ఒక రైతు ఇంట జన్మించిరి. ఆబర్డీను విశ్వవిద్యాలయములో వైద్యము చదివి 1903లో పట్టము పొందిరి. ఆ యేడే జార్జి కెర్ గారిని వివాహమాడిరి. 1907లో దంపతులిద్దరు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి.

ఆ దినములలో కుష్ఠురోగి గతి ఎట్టిదో పెద్దలు ఎరుగుదురు. వ్యాధి కనబడినంతనే అతనికి ఇల్లు లేదు. పొయ్యి దగ్గర చోటు లేదు, పిల్లలను ఎత్తుకొను భాగ్యము లేదు. దూరమున పెట్టిన కూడే అతని కూడు. వ్యాధి నరములను చెరుపును గనుక వ్రేళ్లకు స్పర్శ పోవును. వేడికుండ పట్టినను కాలినట్లు తెలియదు. ముల్లు దిగినను నొప్పి యుండదు. తెలియని గాయమే పుండై అవయవమును తినివేయును.

వీరికి చికిత్స లేకుండుట చూచి కెర్ దంపతులు 1911లో నిజామాబాదులో ఒక ఆశ్రయము తెరచిరి. అది త్వరలోనే చాలకపోయెను. అప్పుడు రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత పెద్ద విరాళ మిచ్చిరి. 1915లో డిచ్‌పల్లిలో విశాలమైన ఆశ్రమము వెలసెను. అన్యులని మనము తలంచువారి చేతి ద్వారా కూడ దేవుడు తన బీదలకు కప్పు నిచ్చెనని మేము కృతజ్ఞతతో జ్ఞాపకము చేయుచున్నాము.

డాక్టరు ఎర్నెస్ట్ మ్యూర్ గారు వృద్ధిచేసిన పద్ధతి ననుసరించి కెర్ అమ్మగారు హిడ్నోకార్పస్ అను చెట్టు గింజల నూనెను సూదిమందుగా ఇచ్చిరి. ఆ సూది బాధాకరము, చికిత్స దీర్ఘము. అయినను తొలిదశలో వచ్చినవారిలో అనేకులకు మేలు కలిగెను. 1923లో ప్రభుత్వము ఆ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. 1932లో ఆమె ప్రభువునందు నిద్రించిరి.

లూకా సువార్త 17వ అధ్యాయములో పదిమంది కుష్ఠురోగులు దూరమున నిలిచి కేక వేసిరి. ప్రభువు వారిని యాజకులయొద్దకు పంపెను. శుద్ధుడని యాజకుడు చెప్పినగాని రోగి ఇల్లు చేరరాదు. కాబట్టి ప్రభువు వారికి ఆరోగ్యముతో పాటు ఇంటిని కూడ తిరిగి ఇచ్చెను. తొమ్మిదిమంది ముందుకే సాగిపోయిరి. ఒక సమరయుడు మాత్రము ఇంటికన్న ముందు దాత పాదములను వెదకెను.

మనమో ఆ తొమ్మిదిమంది వలె నిత్యము ఇంటిలోనే యున్నాము. గటక చల్లారెనని గొణుగుదుము. గంజి వేడిగా నున్నదని వ్రేళ్లకు తెలియుటయే ఒక వరమని తలపము. పసిబిడ్డ ఒడిలోనికి ప్రాకి వచ్చును, భార్య చెంబుతో నీళ్లందించును, వానరాత్రి కప్పు కురియక నిలుచును. ఇవన్నియు డిచ్‌పల్లికి వచ్చినవారు పోగొట్టుకొని ఏడ్చిన సంపదలు.

ఇంకొక మాట. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పలుమందుల చికిత్సతో ఈ వ్యాధి ఇప్పుడు పూర్తిగా నయమగును. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందులు ఉచితము. తిమ్మిరెక్కిన, స్పర్శలేని మచ్చ కనబడినయెడల దాచక త్వరగా చూపించుకొనవలెను. అయితే నయమైనవానికి తలుపు తెరచుట ఏ మందు వలనను కాదు; అది మన చేతిలో నున్నది. ఇంటికొరకు దేవుని స్తుతించుచు, బాగుపడివచ్చిన సహోదరునికి వేరే గిన్నె పెట్టినయెడల మన స్తుతి సగమే.

కావున ఈ నెల ప్రతి రాత్రియు కుటుంబ ప్రార్థనలో పిల్లలు మొదలు ముసలివారి వరకు ఆనాటి మేలులలో ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పి దేవుని స్తుతింతురు గాక. అట్టి పంక్తిలో రోగియై యుండినవానికిని చాప వేయుదురు గాక. ఆమేన్.