రక్తపు చుక్కతో పసిబిడ్డలను కాచిన డాక్టరు రాబర్ట్ గత్రీ

మత్తూరు, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో బిడ్డ పుట్టెనని తెలియగానే, ఆడబిడ్డా మగబిడ్డా, బరువెంత, తల్లి క్షేమమా అని అడుగుదుము. మడమ నుండి రక్తపు చుక్కలు తీసి పరీక్షకు పంపిరా అని అడుగువారు అరుదు. ఆ పరీక్షను లోకమునకిచ్చిన డాక్టరు రాబర్ట్ గత్రీ గారి జీవితమును ఈ సంచికలో మన పాఠకులకు తెలియజేయుచున్నాము.

గత్రీ గారు 1916లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున మేరియన్‌విల్ అను ఊరిలో జన్మించిరి. వైద్యము, సూక్ష్మజీవుల శాస్త్రము చదివి బఫెలో పట్టణమున క్యాన్సరు పరిశోధన చేయుచుండిరి. ఆయన కుమారులలో ఒకడు బుద్ధిమాంద్యముతో పుట్టెను. ఆ బాధ ఆయనను అట్టి బిడ్డల తలిదండ్రుల సంఘములోనికి నడిపించెను. అచ్చటనే ఫినైల్ కీటోన్యూరియా అను వ్యాధిని గూర్చి ఆయన దృష్టి మళ్లినది.

ఈ వ్యాధి గల బిడ్డ శరీరములో ఒక ఎంజైము సరిగా పనిచేయదు. పాలలోను పప్పులోను ఉండు ఫినైల్ అలనిన్ అను పదార్థము కరగక రక్తములో పేరుకొని మెదడును చెరుపును. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ గారు దీనిని కనుగొనిరి. 1953లో బికెల్ గారు ప్రత్యేక ఆహారముతో దీనిని అదుపు చేయవచ్చునని చూపిరి. అయితే అప్పటి మూత్ర పరీక్షలో వ్యాధి బయటపడుటకు వారములు పట్టెడిది. ఈలోగా మెదడుకు హాని మొదలయ్యెడిది. 1958లో గత్రీ గారి బంధువుల బిడ్డకే ఈ వ్యాధి యున్నట్లు తేలినది. అప్పటికి ఆమెకు 15 నెలలు. మందు లేక కాదు, వేళకు తెలియక ఆ బిడ్డ నష్టపోయెను.

గత్రీ గారు క్యాన్సరు పనిలో నేర్చిన పద్ధతినే ఇందుకు మలచిరి. మడమను గుచ్చి తీసిన రక్తమును వడపోత కాగితముపై ఆరబెట్టి, ఒక చిన్న బిళ్లగా కత్తిరించి, బాక్టీరియాను పెరగనీయని మందు కలిపిన పళ్లెములో ఉంచెడివారు. రక్తములో ఫినైల్ అలనిన్ ఎక్కువగా నున్నచో బిళ్ల చుట్టు బాక్టీరియా వలయముగా పెరుగును. ఎండిన కాగితమును తపాలాలో పంపవచ్చును గనుక పల్లె బిడ్డకును ఈ పరీక్ష అందెను.

అమెరికాలోని 29 రాష్ట్రములలో 4 లక్షలకు పైగా శిశువులను పరీక్షింపగా 39 మందిలో వ్యాధి కనబడెను. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రము దీనిని చట్టముగా చేసినది. ఒక కంపెనీ పరీక్ష సామగ్రిని హెచ్చు ధరకు అమ్మజూడగా గత్రీ గారు ఎదిరించి నిలిచిరి. తనకు రాయల్టీ పుచ్చుకొనలేదు. దేశదేశములు తిరిగి ఈ పరీక్షను ప్రోత్సహించి, 1995లో కన్నుమూసిరి.

మనకు దగ్గరనున్న బెంగళూరులో 1980 దశకములో ఆచార్య అప్పాజీరావు గారి బృందము కర్ణాటక శిశువులను సుమారు లక్ష మందిని ఇట్లే పరీక్షించినది. హైదరాబాదులోను డాక్టరు రాధా రమాదేవి గారు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల శిశువులను పరీక్షించిరి. అచ్చట ఎక్కువగా కనబడినది పుట్టుకతోనే వచ్చు థైరాయిడ్ లోపము. దానికి దినమునకొక చిన్న మాత్ర చాలును. ఆలస్యమైనచో బుద్ధి మందగించును.

ఇట్టి ఎంజైము లోపములలో అనేకము తల్లిదండ్రులిద్దరు ఆరోగ్యవంతులై యుండగనే బిడ్డకు వచ్చును. ఇద్దరిలోను ఒకే లోపపు జన్యువు దాగియున్నచో ప్రతి కాన్పునకు నాలుగింట ఒక పాలు అవకాశము. మేనరికములు, మేనమామ సంబంధములు గల మన ఇండ్లలో ఇది మరింత గమనింపవలసిన సంగతి. కావున కాన్పైన రెండవ, మూడవ దినమున మడమ పరీక్ష చేయుదురా అని డాక్టరును అడుగుడి. ఫలితము వచ్చువరకు విడువక కనుక్కొనుడి. గత్రీ గారు ఆ కాగితమును సిద్ధపరచినది ఆ కొద్ది దినములు చేజారకుండుటకే.