జి.డి. నాయుడు గారు – మా మామ జీపు

గోడపత్రికల అందరు కొమురం భీం గురించి, గాంధీ గారి గురించి రాసిండ్రు. నేను మోటార్లు విప్పిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్న.

ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో పుట్టారు. అది తమిళ దేశమైనా వాళ్లది తెలుగు కుటుంబం. తండ్రి రైతు. తల్లి చిన్నప్పుడే చనిపోయింది. ఆయనకు బడి అంటే అసలే పడేది కాదు. పంతుళ్ల మీద ఇసుక చల్లేవారని చెప్తారు. (మీరు చల్లకండి, వార్డెన్ మేడం ఊరుకోదు.) చిన్నతనంలోనే చదువు మానేశారు.

ఒకసారి ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు చూశారు. ఎద్దులు లేవు, గుర్రం లేదు, అది ఎట్ల నడుస్తుందని ఆశ్చర్యపోయారు. కోయంబత్తూరు పోయి హోటల్లో సర్వరుగా పనిచేసి, పైస పైస కూడబెట్టి, ఆ బండి కొన్నారు. కొన్నాక దాని మీద షికార్లు తిరగలేదు. మొత్తం విప్పి, మళ్ళీ బిగించారు. అట్ల మెకానిక్ అయ్యారు.

ఇది చదివినప్పుడు నాకు మా మామ జీపు యాదికొచ్చింది. మాది కొత్తగూడ దిక్కు. మామది పాత పెట్రోలు జీపు, నాలుగు చక్రాలూ లాగుతయి. పోయిన వానకాలం అత్తకు జ్వరమొస్తే రాత్రి మానుకోట దవాఖానకు తీస్కపోతున్నం. నడి అడవిల జీపు ఆగింది. అత్త వణుకుతుంటే నేను చెద్దరు కప్పి పట్టుకున్న. చానసేపటికి ఒక ట్రాలీ ఆటో వస్తే ఎక్కించినం. మలేరియా అన్నరు. బతికింది.

తెల్లారి మామ ప్లగ్గులు విప్పిండు. నాలుగు సిలిండర్లకు నాలుగు ప్లగ్గులు. రెండు గోధుమ రంగుల మంచిగున్నయి. రెండు నల్లగ మసిబారినయి. ఆ రెండు వేరే నంబరువి, ఎవరో దుకాణంల సరిపోతయని ఇచ్చినయి. మర ఒకటే తీరు ఉంటే సరిపోదట, వేడి కూడా కలవాలంట. ప్లగ్గు మరీ చల్లగుంటే మసి కాలదు, నిప్పురవ్వ పడదు. మరీ వేడెక్కితే కొస తెల్లబడి కాలిపోతది. మర పొడుగు ఎక్కువైతే లోపల తగులుతది కూడా.

నేను బిగిస్త అన్న. ఆడపిల్లకు గ్రీజు పని ఎందుకని నానమ్మ కోప్పడ్డది. మామ పానా నా చేతికిచ్చిండు. ఇంజన్ చల్లారినాక ఒక్కొక్కటే మార్చాలె. అన్ని వైర్లు ఒక్కసారే పీకితే కలిసిపోతయి, ఈ జీపుకు 1, 3, 4, 2 వరుసల నిప్పు పడాలె. సందు 0.75 మిల్లీమీటర్లు, రేకుల గేజీ పెట్టి చూసిన. ముందు చేత్తోనే తిప్పాలె, అడ్డం ఎక్కితే మర పోతది. వాషరు ఆనినాక పానాతో కొంచెమే బిగించాలె.

నాయుడు గారు 1920లో ఒక బస్సుతో మొదలుపెట్టారు. పొల్లాచి నుంచి పళని దాకా నడిపారు. స్టేన్స్ దొర సాయం చేశారు. తర్వాత యు.ఎం.ఎస్. పేరుతో ఎన్నో బస్సులయినయి. 1937లో మన దేశంలోనే తయారైన ఎలక్ట్రిక్ మోటారు తెచ్చారు. గడ్డం గీసే మిషన్, రేడియోలు, ఇంకా ఎన్నో చేశారు. 1952లో ఇద్దరు కూర్చునే చవక కారు చేస్తే సర్కారు అనుమతి ఇవ్వలేదు. నాకు ఇది చదివి కోపమొచ్చింది. 1974 జనవరి 4న చనిపోయారు.

మా క్లాసుల కొందరు, ఆయన బడి మానేసే ఇంత గొప్పోడు అయిండు గదా, మనకెందుకు చదువు అంటరు. నేను ఒప్పుకోను. వాళ్ల నాయనకు పొలం ఉండె. మా ఇంట్ల డబ్బా మీద ప్లగ్గు నంబరు చదివింది నేనొక్కదాన్నే. మామ రంగు చూసి చెప్తడు గని అక్షరాలు రావు. అందుకే ఆ దుకాణంల ఏది ఇస్తే అది తెచ్చుకున్నడు. మానేసిన నాయుడు గారే 1945లో పాలిటెక్నిక్ పెట్టించారు.

నాలుగోది బిగించి మామ సెల్ఫ్ కొట్టిండు. రెండుసార్లు దగ్గింది, మూడోసారికి అందుకున్నది. ఇప్పుడు ప్లగ్గులకు పోయినప్పుడు మామ నా చేత నంబరు కాగితం మీద రాయించుకొని పోతుండు.