24 ఏళ్లకే రాముడు.. 29కి పల్నాటి బాలచంద్రుడు.. 53కే ముగిసిన హరనాథ్ కథ

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాడులో కారంపూడి కళే వేరు. రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు వరకు ఐదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి యుద్ధంలో ప్రాణాలిచ్చిన వీరులను నిన్నమొన్న పోయిన ఇంటి మనుషుల్లా తలుచుకుంటారు. అందులో అందరికంటే ముందు గుర్తొచ్చే పేరు బాలచంద్రుడు. బ్రహ్మనాయుడి కొడుకు. నూనూగు మీసాల వయసులోనే కత్తి పట్టి, కారంపూడి రణంలో నేలకొరిగిన కుర్రాడు.

మరి ఆ బాలచంద్రుడు ఎలా ఉండేవాడు? ఫొటోలు లేని కాలం. కానీ 1966లో సినిమా హాలుకి వెళ్లిన పల్నాటి జనానికి ఆ ప్రశ్నకు ఓ జవాబు దొరికింది. కోటేరు ముక్కు, పెద్ద కళ్లు, చూడగానే మనసుకు హత్తుకునే మొహం. ఆ నటుడి పేరు హరనాథ్. తెలుగు తెరపై అంత అందగాడు మళ్లీ రాలేదని పాత తరం ఇప్పటికీ వాదించే హీరో. తెర మీద వీరమరణం పొందిన ఆ హీరో అసలు జీవితంలో మాత్రం చాలా నెమ్మదిగా ఓడిపోయాడు. ఎలా?

పిఠాపురం పక్కన పల్లెటూరు నుంచి..

హరనాథ్ పూర్తి పేరు బుద్ధరాజు వెంకట అప్పల హరనాథ్ రాజు. 1936 సెప్టెంబర్ 2న పిఠాపురం దగ్గర రాపర్తిలో పుట్టారు. తండ్రి వరహాలరాజు చదువుకున్న మనిషి, ఆంధ్ర క్షత్రియుల వంశ చరిత్రను పుస్తకంగా రాశారు. కొడుకు స్కూలు చదువు మద్రాసులో, డిగ్రీ కాకినాడ పీఆర్ కాలేజీలో సాగింది.

అప్పట్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. వేషం కావాలనుకునే కుర్రాళ్లు పాండీ బజార్ చుట్టూ తిరిగేవాళ్లు. దర్శకుడు గుత్తా రామినీడు కళ్లలో హరనాథ్ పడింది కూడా అక్కడే అని సినిమా వాళ్లు చెప్పుకుంటారు. సిఫార్సు లేదు, నాటకాల్లో పెద్ద పేరూ లేదు. ఆ రూపమే ఛాన్స్ తెచ్చిపెట్టింది. అలా 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి'తో హరనాథ్ హీరో అయ్యారు. పక్కన హీరోయిన్ అప్పటికే పేరున్న జమున.

ఆ సినిమాకి ఇంకో ప్రత్యేకత కూడా ఉంది. హైదరాబాద్ అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో పూర్తిగా షూటింగ్ జరుపుకున్న తొలి తెలుగు సినిమాగా దాన్ని చెబుతారు. ఇవాళ హైదరాబాద్‌లో ఉన్న ఇండస్ట్రీకి అదో తొలి అడుగు. ఆ అడుగులో హీరోగా ఉన్నది హరనాథ్.

రావణుడిగా ఎన్టీఆర్.. రాముడిగా కొత్త కుర్రాడు

హరనాథ్ జాతకం మార్చిన సినిమా 1961 జనవరిలో వచ్చింది. అదే 'సీతారామ కల్యాణం'. ఎన్టీఆర్ మొదటిసారి దర్శకత్వం చేసిన సినిమా. ఆయనకు రావణుడి పాత్ర అంటే మహా ఇష్టం. ఎన్టీఆర్‌ని రాముడిగా కాకుండా రావణుడిగా తీయడం ఇష్టం లేక కె.వి.రెడ్డి లాంటి దర్శకుడు తప్పుకున్నారు. అయినా ఎన్టీఆర్ పట్టు వీడలేదు, తానే మెగాఫోన్ పట్టుకున్నారు.

ఇప్పుడు అసలు సమస్య వచ్చింది. ఎన్టీఆర్ రావణుడైతే రాముడెవరు? ఎదురుగా ఎన్టీఆర్ ఉంటే రాముడు తేలిపోకూడదు. ఆ భారం 24 ఏళ్ల హరనాథ్ భుజాల మీద పడింది. సీతగా గీతాంజలి, ఆమెకీ అదే తొలి పెద్ద అవకాశం. లక్ష్మణుడిగా మరో కొత్త కుర్రాడు.. శోభన్ బాబు.

సినిమా హిట్. రాముడిగా హరనాథ్ జనం గుండెల్లో కూర్చున్నారు. గాలి పెంచల సంగీతంలో, సుశీల గొంతులో సీతారాముల పెళ్లి చూడటానికి రమ్మని అందరినీ పిలిచే పాట ఇందులోదే. అరవై ఏళ్లు దాటినా శ్రీరామనవమి పందిరి ఉంటే మైకులో ఆ పాట ఉండాల్సిందే. నరసరావుపేట అయినా, మాచర్ల అయినా, గురజాల అయినా ఇదే తంతు. పానకం తాగుతూ ఆ పాట వినే చాలామందికి తెరపై ఆ పెళ్లికొడుకు ఎవరో ఇప్పుడు తెలియదు. అంతే తేడా.

వరుసగా పెద్ద సినిమాలు

అక్కడి నుంచి అవకాశాలు క్యూ కట్టాయి. అదే 1961లో 'కలసి ఉంటే కలదు సుఖం'లో ఎన్టీఆర్, సావిత్రి పక్కన నటించారు. 1962లో 'భీష్మ'లో కృష్ణుడు అయ్యారు. అందులో అర్జునుడు మళ్లీ శోభన్ బాబే. అదే ఏడాది వచ్చిన 'గుండమ్మ కథ' గురించి చెప్పక్కర్లేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్, సూర్యకాంతం.. ఇంతమంది హేమాహేమీల మధ్య గుండమ్మ కొడుకు ప్రభాకర్‌గా, ఎల్.విజయలక్ష్మి జోడీగా హరనాథ్ కనిపిస్తారు. ఇప్పుడు టీవీలో వచ్చినా, ఫోన్‌లో చూసినా ఆయన మొహం దగ్గర చూపు ఆగుతుంది.

1964లో రంగుల్లో వచ్చిన 'అమరశిల్పి జక్కన్న'లో ఏఎన్నార్ జక్కన్న అయితే, తండ్రి చెక్కిన శిల్పంలోనే లోపం చూపించే కొడుకు పాత్ర హరనాథ్‌ది. 1966లో ఏవీఎం వాళ్ల 'లేత మనసులు' మరో మెట్టు. విడిపోయిన అమ్మానాన్నలను కవల పిల్లలు కలిపే కథ అది. ఆ నాన్న హరనాథ్, అమ్మ జమున. కవలలుగా కుట్టి పద్మిని. 1961లో హాలీవుడ్‌లో వచ్చిన 'పేరెంట్ ట్రాప్'కి దగ్గరగా ఉండే ఈ కథ ముందు తమిళంలో, తర్వాత తెలుగులో ఇంటిల్లిపాదినీ హాళ్లకు రప్పించింది. పి.బి.శ్రీనివాస్ మెత్తని గొంతు హరనాథ్‌కి సరిగ్గా అతికింది. రేడియోలో ఆ డ్యూయెట్ ఇప్పటికీ మోగుతూనే ఉంది.

పల్నాటి కథలోకి ఎంట్రీ

అదే 1966 ఫిబ్రవరిలో 'పల్నాటి యుద్ధం' విడుదలైంది. దర్శకుడు ఎవరో కాదు, హరనాథ్‌ని సినిమాల్లోకి తెచ్చిన గుత్తా రామినీడే. బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్, నాయకురాలు నాగమ్మగా భానుమతి. బాలచంద్రుడిగా హరనాథ్, ఆయన భార్య మాంచాలగా జమున.

ఈ వేషం తేలికైనది కాదు. అంతకుముందు 1947లో ఇదే పేరుతో ఒక సినిమా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలోనే కన్నుమూస్తే, ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేశారు. అందులో బాలచంద్రుడు కుర్ర వయసులో ఉన్న ఏఎన్నార్. అంటే హరనాథ్‌కి పోలిక ముందే రెడీగా ఉంది.

పైగా ఇది పల్నాడు కథ. గురజాలలో నలగామరాజు, ఆయన వెనుక నాగమ్మ. మాచర్లలో మలిదేవుడు, ఆయన వెనుక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల పక్షం వలస పోవడం, గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు చర్లగుడిపాడులో విషానికి బలవడం, చివరికి నాగులేరు ఒడ్డున కారంపూడిలో యుద్ధం. వీరగాథలు పాడేవాళ్ల నోట తరతరాలుగా విన్న కథ ఇది. బొంగరం ఆడుకునే కుర్రాడు యుద్ధానికి ఎలా కదిలాడో ఇక్కడ చిన్న పిల్లలకూ తెలుసు. యుద్ధానికి బయలుదేరే ముందు బాలచంద్రుడు మాంచాల దగ్గరికి వెళ్లడం, ఆమె అతన్ని వీరుడిగా సాగనంపడం ఆ కథకే ప్రాణం. తప్పు చేస్తే పల్నాటి ప్రేక్షకుడు ఊరుకోడు.

అప్పటికి హరనాథ్‌కి 29 ఏళ్లు. మెత్తని ప్రేమికుడిగా, శాంతమూర్తి రాముడిగా చూసిన జనం ఆయన్ని కత్తి పట్టిన పౌరుషంతో చూశారు. ఎన్టీఆర్, భానుమతి లాంటి ఉద్దండులున్న సినిమాలో కుర్ర వీరుడి పాత్రను నిలబెట్టారు. వెనక్కి తిరిగి చూస్తే హరనాథ్ కెరీర్‌లో 1966 శిఖరం లాంటిది. సోషల్ సినిమా, చారిత్రక సినిమా.. రెండిట్లోనూ సై అనిపించుకున్న ఏడాది.

లోపల మొదలైన యుద్ధం

అయితే శిఖరం తర్వాత కథ మలుపు తిరిగింది. హరనాథ్‌కి మద్యం అలవాటైంది. అది అలవాటు దగ్గర ఆగలేదు, వ్యసనమైంది. సినిమా షూటింగ్ అంటే వంద మంది పని. హీరో ఆరోగ్యం బాగోలేకపోతే ఆ వంద మందీ ఆగిపోవాలి. నిర్మాతకి రోజుకింత నష్టం. ఇండస్ట్రీ కొంతకాలం ఓపిక పడుతుంది, తర్వాత ఇంకో మొహం వెతుక్కుంటుంది. హరనాథ్ విషయంలోనూ అదే జరిగింది.

1970లో 'చిట్టి చెల్లెలు' లాంటి మంచి సినిమాల్లో కనిపించినా, హీరోగా జోరు తగ్గుతూ వచ్చింది. మెయిన్ హీరో నుంచి సెకండ్ హీరో, అక్కడి నుంచి క్యారెక్టర్ వేషాలు. ఏ మొహం చూసి ఛాన్స్ ఇచ్చారో ఆ మొహంలోనే కళ తగ్గిపోయింది.

ఇక్కడే శోభన్ బాబు కథ పక్కన పెట్టి చూడాలి. 'సీతారామ కల్యాణం'లో హరనాథ్ అన్న, శోభన్ బాబు తమ్ముడు. 'భీష్మ'లో ఒకరు కృష్ణుడు, ఒకరు అర్జునుడు. వయసులో తేడా నాలుగు నెలలే. మొదట్లో ముందున్నది హరనాథే. శోభన్ బాబు చిన్న వేషాలతో ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 1970ల్లో సీన్ రివర్స్ అయింది. సాయంత్రం ఆరు దాటితే షూటింగ్ చేయను, ఆదివారం ఇంటికే అని గీత గీసుకున్న శోభన్ బాబు టాప్ హీరోగా, ఆంధ్రుల అందగాడిగా వెలిగారు. తనకు నచ్చినప్పుడు రిటైరయ్యారు. అందం ఇద్దరికీ ఉంది. జీవితం మీద పట్టు ఒకరికే దొరికింది.

అలాగని హరనాథ్‌ని తప్పుపట్టి వదిలేయడం సులువే కానీ న్యాయం కాదు. మద్యం వ్యసనం ఒక జబ్బు అని, దానికి డాక్టర్ దగ్గర వైద్యం ఉందని ఇవాళ చెబుతున్నాం. యాభై ఏళ్ల కిందట ఆ మాట అనేవాళ్లు ఎంతమంది? పరువు పోతుందని దాచడం, లేదా తాగుబోతు అని ముద్ర వేయడం.. ఈ రెండే తెలుసు. మహానటి సావిత్రి విషయంలోనూ తెలుగువాళ్లు చూసింది ఇదే విషాదం.

చివరి రోజులు

1984లో చిరంజీవి హీరోగా వచ్చిన 'నాగు' హరనాథ్ చివరి సినిమాల్లో ఒకటి. అప్పటికి ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. చిరంజీవి తరం మొదలైపోయింది. ఆ తరం ప్రేక్షకుల్లో చాలామందికి తెర మీద ఉన్న ఆ పెద్దాయన ఒకప్పటి రాముడని తెలియదు.

1989 నవంబర్ 1న హరనాథ్ కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. తెలుగు, తమిళ భాషలతో పాటు ఇతర భాషల్లోనూ కలిపి వందకు పైగా సినిమాలు చేసిన నటుడు అలా వెళ్లిపోయారు.

సినిమాతో ఆ కుటుంబం బంధం మాత్రం తెగలేదు. 1998లో పవన్ కల్యాణ్ కెరీర్‌ని మలుపు తిప్పిన 'తొలిప్రేమ' నిర్మాత జి.వి.జి.రాజు హరనాథ్ అల్లుడే. విచిత్రం ఏంటంటే, ఆ పవన్ కల్యాణ్ 2024లో ఎమ్మెల్యేగా గెలిచింది హరనాథ్ పుట్టిన రాపర్తి ఉన్న పిఠాపురం నుంచే.

రెండు మరణాలు.. ఒక పాఠం

హాలీవుడ్‌లో జేమ్స్ డీన్ అనే కుర్ర హీరో ఉండేవాడు. ముఖ్యమైన సినిమాలు మూడే. 1955లో కారు ప్రమాదంలో 24 ఏళ్లకే చనిపోయాడు. అందుకే అమెరికా గోడల మీద పోస్టర్లలో ఆయనకు ఎప్పటికీ 24 ఏళ్లే. మన బాలచంద్రుడూ అంతే. కారంపూడిలో పడిపోయిన నాటి వయసు దగ్గరే ఆగిపోయాడు. లోకం ఇలాంటి మరణాలను పాటలు కట్టి గుర్తుపెట్టుకుంటుంది.

హరనాథ్‌ది అలాంటి కథ కాదు. 24 ఏళ్లకి ఆయన రాముడయ్యారు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు బతికారు. అందులో సగం కాలం తనతో తానే పోరాడారు. ఆ పోరాటానికి రణరంగం లేదు, వీరుల గుడి లేదు, ఐదు రోజుల తిరునాళ్ల లేదు. కానీ ఆ యుద్ధం ఇవాళ్టికీ మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో జరుగుతూనే ఉంది. అందుకే ఈ కథ పాతబడలేదు.

ఈసారి కార్తీకంలో కారంపూడి వెళ్లి బాలచంద్రుడికి దండం పెట్టుకుంటే, తెరపై ఆ వీరుడికి రూపమిచ్చిన మనిషిని కూడా ఒక్కసారి తలుచుకోండి. నవమి పందిట్లో మైకు మోగినప్పుడు పక్కనున్న పిల్లలకు చెప్పండి.. ఆ పాటలో పెళ్లికొడుకు హరనాథ్ అని.