బేతాళుడిని మనకిచ్చింది ఎవరు?



మీ చిన్నప్పుడు ఇంటికి చందమామ వచ్చేదా? అయితే, చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడు మీకు గుర్తుండే ఉంటాడు. ఆ బొమ్మ చూసి మీ పాపో బాబో ఇతన్ని ఎవరు సృష్టించారని అడిగితే ఏం చెబుతారు? ఈ నెల మనం తెలుసుకోబోయే వ్యక్తికి ఆ జవాబులో పెద్ద వాటా ఉంది. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు. సాహిత్యం చదివేవాళ్లకు కొకు.

ఆయన 1909 అక్టోబర్ 28న తెనాలిలో పుట్టారు. బాల్యంలోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. మనకు దగ్గరలోనే ఉన్న విజయనగరం మహారాజా కళాశాలలో ఫిజిక్స్‌తో డిగ్రీ చదివి, ఎమ్మెస్సీ కోసం కాశీ వెళ్లారు. అప్పటి ఆర్థిక మాంద్యం వల్ల ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత గుమాస్తాగా, టీచరుగా, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా, పత్రికల్లో ఉద్యోగిగా ఎన్నో పనులు చేశారు. మధ్యతరగతి జీవితం గురించి వందల కథలు, నవలలు, వ్యాసాలు రాశారు. ఆయన నవలల్లో ఒకదాని పేరే 'చదువు'. పిల్లల చదువు గురించి ఆలోచించే మనలాంటి వాళ్లందరూ ఒక్కసారైనా చదవాల్సిన పుస్తకం అది.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో చందమామను మొదలుపెట్టారు. కుటుంబరావు 1952లో అందులో చేరి, 1980 ఆగస్టు 17న కన్నుమూసేవరకు, అంటే 28 ఏళ్లు, అక్కడే పనిచేశారు. వచ్చిన కథలను చదవడం, బాగున్నవాటిని ఎంచడం, పిల్లలకు తేలిగ్గా అర్థమయ్యే తెలుగులో తిరగరాయడం, తానే కొత్తవి రాయడం ఆయన రోజువారీ పని. మనం ఇష్టపడే ఆ తేట తెలుగు చాలావరకు ఆయన చేతిదే. కానీ సంపాదకుడిగా అచ్చయిన పేరు చక్రపాణిది. కుటుంబరావు పేరు అక్కడ కనిపించేది కాదు.

ఇక బేతాళ కథల సంగతి చూడండి. వాటి మూలం చాలా పాతది. 11వ శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలోనే బేతాళుడి కథలు ఉన్నాయి. అక్కడ ఉన్నవి పాతిక. చందమామలో మాత్రం అవి దశాబ్దాలపాటు నెలనెలా వస్తూనే ఉన్నాయి. వేరే కథలకు కూడా ముందు విక్రమార్కుడి నడక, చివర బేతాళుడి చిక్కు ప్రశ్న, దానికి రాజు జవాబు జోడించి బేతాళ కథలుగా మలిచేవారు. ఆ మలచడంలో కుటుంబరావు పాత్ర పెద్దది. మన కళ్లలో నిలిచిన రూపాన్ని గీసింది మాత్రం శంకర్ అనే చిత్రకారుడు. మరి సృష్టికర్త ఎవరు? సోమదేవుడా, కుటుంబరావా, శంకరా, కథ పంపిన ఊరూ పేరూ తెలియని రచయితా, పత్రిక నడిపిన చక్రపాణా? ఒక్క పేరే చెప్పి ఊరుకుంటే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టే.

అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, పాతాళదుర్గం లాంటి సీరియల్స్ రాశారు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. వాటిని ఊపిరి బిగబట్టి చదివిన పిల్లల్లో చాలామందికి, పెద్దవాళ్లయ్యాక గానీ ఆయన పేరు తెలియలేదు. చందమామ ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్యగారు మన పక్కనే కశింకోటలో ఉండేవారు. ఆయన బొమ్మ మీద వపా అనే రెండక్షరాల సంతకం ఉండేది కాబట్టి, ఆ బొమ్మ ఎవరిదో పిల్లలు కూడా ఇట్టే చెప్పేవారు. ఒక చిన్న సంతకం చేసే మేలు అది.

ఈ చిక్కు మన దగ్గరే కాదు. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్‌కు సృష్టికర్తగా చాలాకాలం బాబ్ కేన్ పేరొక్కటే వేశారు. కథనూ ఆ వేషాన్నీ తీర్చిదిద్దడంలో సగం పని చేసిన బిల్ ఫింగర్ 1974లో చనిపోయారు. ఆయన పేరు అధికారికంగా చేర్చింది 2015లో. అప్పటికి ఆయన పోయి 41 ఏళ్లు.

కుటుంబరావుకు వేరే రచనల వల్ల పేరు వచ్చింది కాబట్టి ఆయన్ను మనం మరిచిపోలేదు. అలాంటి అవకాశం లేనివాళ్ల సంగతేమిటి? తరగతిలో గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చినప్పుడు మాకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. చార్ట్ పట్టుకుని ముందు నిలబడి మాట్లాడిన పిల్లవాడికి చప్పట్లు వస్తాయి. వెనక కూర్చుని బొమ్మ గీసిన అమ్మాయి పేరు ఎవరూ అడగరు. ఇంట్లో రాత్రి పదింటిదాకా మేలుకుని థర్మోకోల్ కోసిన అమ్మ పేరు అసలే ఉండదు.

ఈ నెల ఒక చిన్న పని చేయండి. మీ పిల్లల ప్రాజెక్ట్ చివరి పేజీలో ఎవరు ఏ పని చేశారో వాళ్ల చేతే రాయించండి. సమాచారం వెతికింది ఎవరు, రాసింది ఎవరు, బొమ్మ వేసింది ఎవరు, సాయం చేసిన పెద్దవాళ్లు ఎవరు, ఏ పుస్తకం చూశారు అన్నీ ఉండాలి. మీరు చేసిన భాగం ఉంటే అదీ రాయించండి, దానికి మార్కులు తగ్గవు. తన పని తనదని ధైర్యంగా, ఎదుటివాళ్ల పని వాళ్లదని నిజాయితీగా చెప్పడం పిల్లలకు ఇప్పుడే అలవాటైతే, రేపు ఆఫీసులో పక్కవాళ్ల పని కింద తమ పేరు వేసుకోరు.